యాభై దాటినవాళ్ల లెక్క

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల వెనక వాడకి ఏఎన్‌ఎంతో పాటు పొద్దున్నే వెళ్లాను. ఎండెక్కాక పోతే లాభం లేదు, ఆడవాళ్లు మిరపకోతల ఆటో ఎక్కేస్తారు. 2024 నవంబరులో రాష్ట్రమంతటా ఇంటింటి క్యాన్సర్ పరీక్షలు మొదలయ్యాక ఆమెకు ఈ సందులన్నీ కొట్టినపిండి.

"నాకేం జబ్బమ్మా? నొప్పా, గిప్పా?" అంది అరవై దాటిన పెద్దామె. "ఈ వయసులో నాకెందుకు, కోడల్ని చూడు."

"కోడల్నీ చూస్తాలే పెద్దమ్మా, ముందు నువ్వు రా."

తలుపేశారు. పెద్దామె ఒప్పుకుంటే నేనూ లోపలే ఉన్నాను. ఏఎన్‌ఎం గాజులు పైకి తోసుకుని, అరచేతులు రుద్దుకుని వెచ్చజేసుకుంది. మూడు వేళ్ల మెత్తటి భాగంతో రొమ్ము మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ, ముందు పైపైన, తర్వాత కాస్త నొక్కి, చంక దాకా తడిమింది. మిషనూ లేదు, సూదీ లేదు. పెద్దామె నవ్వింది: "ఇంతేనా!"

ఇంతే. ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో లక్షన్నర మంది ఆడవాళ్లతో మొదలుపెట్టిన అధ్యయనంలో సగం మందికి చేసింది ఈ చేతి పరీక్షే, రెండేళ్లకోసారి. 2021లో ఫలితాలు వచ్చాయి. యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్లలో ఆ తేడా కనబడలేదు. అంటే, 'నాకెందుకు' అనే పెద్దమ్మలకే దీనితో ఎక్కువ పని. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం ఈ పరీక్ష గురించి 15 నుంచి 49 ఏళ్ల వాళ్లనే అడుగుతుంది. 2019-21లో ఎప్పుడైనా చేయించుకున్నామన్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా లేరు. యాభై దాటినవాళ్ల సంగతి ఆ లెక్కలోకే రాలేదు. నాకిది చిన్న లోపంలా అనిపించలేదు.

చివరి ఇంట్లో కథ వేరు. అక్కడి ఆమెకు కిందటి విడతలోనే గడ్డ తగిలింది, గుంటూరు పెద్దాసుపత్రికి రాసిచ్చారు. ఆమె వెళ్లలేదు.

"వైద్యం ఉచితమే అక్కా, కూలి పోద్ది గదా. మా ఆయన రాడు, నేనొక్కదాన్నే ఏం పోను? కోతలయ్యాక చూద్దాం."

"కోతలయ్యాక కాదు, సోమవారం. ఆశా నీతోనే వస్తది."

"మంగళవారం పెట్టు. సోమవారం కూలి డబ్బులిస్తారు."

మంగళవారం అని రాసుకుంది ఏఎన్‌ఎం. ఆశా కార్యకర్తకు అక్కడికక్కడే ఫోన్ చేసి, ఏ బండికి పోవాలో మాట్లాడింది.