రెండేళ్ళ లెక్క

మా మన్యంలో పదో తరగతి పాసైన పిల్లల్ని ఇంటర్‌లో ఏ గ్రూపు అని అడిగితే బైపీసీ అంటారు, సీఈసీ అంటారు, హెచ్ఈసీ అంటారు. ఎంపీసీ అనే గొంతు తక్కువగా వినిపిస్తుంది. ఎందుకంటే "లెక్కలు రావు మాస్టారూ" అంటారు. ఆ ఒక్క మాట వెనుక చాలా సంగతులున్నాయి. ఖాళీగా ఉండిపోయిన గణితం టీచరు పోస్టు ఉంది. ఇంట్లో ఒక భాష, పుస్తకంలో ఇంకో భాష కావడం ఉంది. పొలం పనుల రోజుల్లో బడి మానేసి, తిరిగొచ్చేసరికి రెండు పాఠాలు దాటిపోవడం ఉంది. పిల్లకు తెలివి లేకపోవడం మాత్రం అందులో లేదు.

ఆ మాటను దాటడానికి మేము వేసుకున్న ఒక ప్రణాళిక గురించి ఇక్కడ రాస్తున్నాం. మేము అంటే ముగ్గురం. ఒకరు ఆశ్రమ పాఠశాల టీచరు, నలభై దాటిన మనిషి. ఇంటర్ తర్వాత డైట్‌లో డి.ఎడ్. చేసి ఉద్యోగంలో చేరడంతో డిగ్రీ మిగిలిపోయింది. రెండోవాడు మా ఊరి కుర్రాడు. మైదానంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంజనీరింగ్‌లో చేరి, ఎం-1, ఎం-2 పేపర్లు బ్యాక్‌లాగ్ పడి, రెండో ఏడు మధ్యలో ఇంటికి వచ్చేశాడు. వాళ్ళ నాన్న చేసిన అప్పు మాత్రం ఇంకా తీరలేదు. మూడోది బైపీసీ చదివిన అమ్మాయి. "ఇంక చదువెందుకు, సంబంధం చూద్దాం" అనే మాట వాళ్ళింట్లో మొదలైంది. ముగ్గురికీ కంప్యూటర్ చదువు కావాలి. ఊరు వదిలి వెళ్ళే వీలు ముగ్గురికీ లేదు.

ఐఐటీ మద్రాసు 2020లో ఆన్‌లైన్ డిగ్రీ ఒకటి మొదలుపెట్టింది. ఇప్పుడు దాని పేరు బీఎస్, డేటా సైన్స్ అండ్ అప్లికేషన్స్. పేరులో కంప్యూటర్ సైన్స్ లేకపోయినా ప్రోగ్రామింగ్, డేటాబేస్‌లు, డేటా స్ట్రక్చర్లు, మెషిన్ లెర్నింగ్ అన్నీ అందులో ఉన్నాయి. ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా చేరవచ్చు. పదో తరగతిలో గణితం, ఇంగ్లిషు చదివి ఉంటే చాలు. వయసు పరిమితి లేదు. ఎంట్రన్స్ ర్యాంకు అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు వాళ్ళే చెప్పి, వాటిమీదే క్వాలిఫయర్ పరీక్ష పెడతారు. ఎస్టీ విద్యార్థులకు ఫీజులో రాయితీ ఉంది. దానికి కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోవాలి. మొదటి మెట్టు ఫౌండేషన్, ఎనిమిది కోర్సులు. తర్వాత డిప్లొమా, ఆ పైన డిగ్రీ. మధ్యలో ఆగవలసి వచ్చినా దాటిన మెట్టుకు సర్టిఫికెట్ ఇస్తారు. ఇంజనీరింగ్ మధ్యలో ఆపి వట్టి చేతులతో వచ్చిన మా కుర్రాడికి ఈ ఒక్క సంగతే ధైర్యం ఇచ్చింది.

అయితే ఆ ఎనిమిదిలో నాలుగు లెక్కలే. గణితం ఒకటి, రెండు. స్టాటిస్టిక్స్ ఒకటి, రెండు. మిగిలిన నాలుగు ఇంగ్లిషు రెండు, కంప్యుటేషనల్ థింకింగ్, పైథాన్. అంటే మొదటి మెట్టులో సగం లెక్కలతో కట్టిందే. బైపీసీ, హెచ్ఈసీ పిల్లలకు తలుపు తెరిచే ఉంది, గడప మాత్రం ఎత్తుగా ఉంది. ఆ ఎత్తుకు తగిన మెట్లు మనమే కట్టుకోవాలి.

ఈ చదువులో ఎవరి వేగం వారిది అంటారు. దాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. ఏడాదికి మూడు టర్ములు: జనవరి, మే, సెప్టెంబరు. ఏ టర్ములో ఎన్ని కోర్సులు తీసుకోవాలో మన ఇష్టం. ఒకటి తీసుకోవచ్చు, గరిష్ఠంగా నాలుగు తీసుకోవచ్చు. ఫీజు తీసుకున్న కోర్సులకే. కానీ ఒకసారి తీసుకున్నాక వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది, దానికి గడువు ఉంటుంది. క్విజ్‌లు, చివరి పరీక్ష నగరంలోని కేంద్రానికి వెళ్ళి కూర్చుని రాయాలి. మాకంటే ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం వెళ్ళడమే. వేగం మనది, గడువు వాళ్ళది. ఈ రెండూ కలిసేలా వేసుకున్నదే ప్రణాళిక.

ముందుగా మా దగ్గర ఏముందో చూసుకున్నాం. ఆరు నుంచి పది వరకు గణితం పుస్తకాలు ముందేసుకుని ముగ్గురం విడివిడిగా లెక్కలు చేశాం. ఆగిన చోటల్లా గుర్తు పెట్టాం. కష్టమైన సూత్రాల దగ్గర ఎవరూ ఆగలేదు. బ్రాకెట్ బయట మైనస్ ఉంటే లోపలి గుర్తులు మారడం, వేరు వేరు హారాలున్న భిన్నాలు కూడటం, మాటల్లో ఉన్న లెక్కను సమీకరణంగా రాయడం, ఈ మూడు చోట్లే ఎక్కువ ఆగాం. ఇంజనీరింగ్ దాకా వెళ్ళిన కుర్రాడు కూడా అక్కడే ఆగాడు. ఎం-1 అతన్ని పడగొట్టిందని ఇన్నాళ్ళూ ఊరంతా అనుకుంది. నిజానికి అతని కాలు జారింది ఏడో తరగతిలోనే. అప్పుడు పట్టుకునేవాళ్ళు లేరు, అంతే.

అందుకే చేరడానికి ముందు ఆరు నెలలు పెట్టుకున్నాం. మొదటి రెండు నెలలు పూర్ణసంఖ్యలు, భిన్నాలు, నిష్పత్తులు, బీజీయ సమాసాలు. తర్వాతి రెండు నెలలు సరళరేఖలు, వర్గసమీకరణాలు, గ్రాఫు గీయడం. చివరి రెండు నెలలు సమితులు, ప్రమేయాలు, సంవర్గమానాలు. ఈ అంశాలు మేము కల్పించినవి కావు. ఐఐటీ వాళ్ళ గణితం-1 కూడా సమితులు, సంబంధాలు, ప్రమేయాలతో మొదలై సరళరేఖలు, వర్గప్రమేయాలు, బహుపదులు, ఘాత ప్రమేయాలు, సంవర్గమానాల మీదుగా నడుస్తుంది.

ఇక్కడ ఒక మంచి సంగతి కనబడింది. 2014 నుంచి కొన్నేళ్ళు మన పిల్లలు చదివిన తెలుగు మీడియం పదో తరగతి గణితం పుస్తకం తిరగేయండి. వాస్తవ సంఖ్యల పాఠంలోనే సంవర్గమానాలున్నాయి. తర్వాత సమితులు, బహుపదులు, వర్గసమీకరణాలు, నిరూపక జ్యామితి ఉన్నాయి. చివర్లో సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం ఉన్నాయి. అంటే గణితం-1, స్టాటిస్టిక్స్-1 మొదటి వారాల పాఠాలకు పునాది మన అటక మీద దుమ్ము పట్టి ఉంది. ఆ పుస్తకం ఇంట్లో ఉంటే పాత కాగితాల వాడికి వేయకండి. ఐఐటీ పాఠాలు ఇంగ్లిషులో ఉంటాయి కాబట్టి, ఒక నోటు పుస్తకంలో మూడు గళ్ళు గీసుకున్నాం. మొదటి గడిలో ఇంగ్లిషు మాట, రెండో గడిలో తెలుగు పుస్తకంలోని మాట, మూడో గడిలో ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో దాని అర్థం. సెట్ అంటే సమితి, ఫంక్షన్ అంటే ప్రమేయం, స్లోప్ అంటే వాలు. మూడో గడి నిండిన మాట మళ్ళీ మరిచిపోలేదు.

సంవర్గమానం దగ్గర అమ్మాయి చాలా రోజులు ఆగిపోయింది. చివరికి పాత కొలతలు సాయపడ్డాయి. రెండు గిద్దలు ఒక అరసోల. రెండు అరసోలలు ఒక సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. గిద్దల్లో చెబితే 1, 2, 4, 8, 16, 32, 64. గిద్ద నుంచి కుంచానికి చేరాలంటే ఎన్నిసార్లు రెట్టింపు చేయాలి? ఆరుసార్లు. రెండు ఆధారంగా 64 సంవర్గమానం 6 అన్నది ఇదే. ఇంకొంచెం ముందుకెళ్ళాం. 45 గిద్దల గింజలు కొలవాలి, ఏ కొలతనూ రెండోసారి వాడకూడదు. అడ్డ ఒకటి, తవ్వ ఒకటి, సోల ఒకటి, గిద్ద ఒకటి: 32, 8, 4, 1. వాడిన కొలతకు 1, వాడని దానికి 0 వేసి అడ్డ నుంచి గిద్ద దాకా వరుసగా రాస్తే 101101. కంప్యూటర్ 45ను రాసుకునేది ఇలాగే. "మా అవ్వకు ఇది తెలుసన్నమాట" అంది అమ్మాయి. అవ్వకు గింజలు కొలవడం తెలుసు. ఆ కొలతలోని లెక్కను బయటికి తీసి పేరు పెట్టడం మన పని.

సరళరేఖకు సంత చాలు. కిలో చింతపండు 60 రూపాయలు, సంతకు ఆటో కిరాయి 80 అనుకుందాం. పది కిలోలు తీసుకెళితే 520 మిగులుతుంది. ఒక్క కిలోతో వెళితే 20 ఎదురు పడుతుంది. కిలోలను అడ్డంగా, మిగులును నిలువుగా వేసి గీస్తే వచ్చే గీతకు వాలు 60, మొదలయ్యే చోటు మైనస్ 80. గణితం-1లోనే వచ్చే గ్రాఫ్ థియరీకి మా గూడేలు, వాటి మధ్య కాలిబాటలు చాలు. గూడెం ఒక చుక్క, బాట ఒక గీత. వానాకాలంలో గెడ్డ పొంగితే ఒక గీత చెరిపేయాలి. అప్పుడు ఆసుపత్రికి మిగిలిన దారుల్లో దగ్గరిది ఏది? ఫోనులో మ్యాపు దారి వెతికేటప్పుడు వేసుకునే ప్రశ్న ఇదే. మా వాళ్ళు ఏటా వేసుకునే ప్రశ్న కూడా ఇదే.

టర్ముల దగ్గరికొచ్చేసరికి మాలో మాట తేడా వచ్చింది. కుర్రాడు నాలుగేసి తీసుకుందామన్నాడు. "వయసు అయిపోతోంది మాస్టారూ, రెండు టర్ముల్లో ఫౌండేషన్ అవగొట్టేద్దాం" అన్నాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. "నాలుగు తీసుకుని రెండు పోతే వాటికి మళ్ళీ ఫీజు కట్టాలన్నా. మా ఇంట్లో రెండోసారి అడగలేను" అంది. ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోలేదు. మర్నాడు గోడ క్యాలెండర్ తెచ్చి మా పనులు దానిమీద రాశాం. జూన్, జూలై, ఆగస్టు దుక్కి, నాట్లు, వానలు, కరెంటు కోతలు. నవంబరు, డిసెంబరు వరి కోతలు, కాఫీ పళ్ళ ఏరివేత. అంటే సెప్టెంబరు టర్ము చివరి పరీక్షలు సరిగ్గా కోతల మీదికే వస్తాయి. జనవరి తర్వాతే కాస్త ఊపిరి. కుర్రాడు క్యాలెండర్ చాలాసేపు చూసి, "సరే, బరువైనవి జనవరిలోనే పెడదాం" అన్నాడు.

అలా ఈ వరుస తయారైంది. మొదటి ఏడు జనవరిలో గణితం-1, ఇంగ్లిషు-1. మేలో స్టాటిస్టిక్స్-1 ఒక్కటే. సెప్టెంబరులో కంప్యుటేషనల్ థింకింగ్ ఒక్కటే. రెండో ఏడు జనవరిలో గణితం-2, ఇంగ్లిషు-2. మేలో పైథాన్. సెప్టెంబరులో స్టాటిస్టిక్స్-2. ఎనిమిది కోర్సులు, ఆరు టర్ములు, రెండేళ్ళు. ఈ వరుసలో ఒక నియమం ఉంది. గణితం-1 రాకుండా గణితం-2లోని మాత్రికలు, సదిశలు పట్టుబడవు. గణితం-1, స్టాటిస్టిక్స్-1 రెండూ అయ్యాకే స్టాటిస్టిక్స్-2. రెండు లెక్కల కోర్సులు ఒకే టర్ములో పెట్టుకోలేదు. ఆ పైన డిప్లొమాలో మెషిన్ లెర్నింగ్ ఈ నాలుగింటి మీదే నిలబడుతుంది కాబట్టి, పాసు మార్కులతో గట్టెక్కితే చాలనుకోకూడదని కూడా రాసుకున్నాం.

ఒక్కో కోర్సుకు వారానికి పది గంటలు లెక్కవేశాం. సంత రోజు సిగ్నల్ ఉన్న చోట ఆ వారం పాఠాలన్నీ ఫోనులోకి దింపుకోవాలి. నాలుగు రాత్రులు రెండేసి గంటలు, ఆదివారం రెండు గంటలు. గడువుకు రెండు రోజుల ముందే అసైన్‌మెంట్ పంపేయాలి. ఆఖరి రోజు సిగ్నల్‌ను నమ్మకూడదు. ఎవరు ఏ లెక్క దగ్గర ఆగినా అది మిగతా ఇద్దరికీ చెప్పాలి, దాచకూడదు. అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే. పాఠం చెప్పే అలవాటున్న మనిషి, తను చదువు చెప్పిన పిల్లల ముందు "ఇది నాకు అర్థం కాలేదు" అనాలి. మొదట నోరు రాలేదు. అన్నాక ఒక మార్పు కనబడింది. అంతవరకు తెలిసినట్టు తలూపిన పిల్లలు కూడా అడగడం మొదలుపెట్టారు.

తోటి టీచర్లకు ఒక మాట. ఈ చదువులో చేరదలిస్తే ముందు శాఖ అనుమతి తీసుకోండి. చేరకపోయినా పరవాలేదు. మీ ఊళ్ళో ఇంటర్ అయి ఖాళీగా ఉన్న పిల్లలెవరో మీకు తెలుసు. వాళ్ళకు ఆరు నెలలు రాత్రిపూట ఏడో తరగతి లెక్కలు చెప్పండి. ఐఐటీ పాఠాలు మనం చెప్పనక్కర్లేదు, వాటికి వాళ్ళున్నారు. ఐఐటీ దాకా వెళ్ళే దారిలో విరిగిన మెట్టు బాగుచేసేవాళ్ళే కావాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, "లెక్కలు రావు" అనే ముందు ఏ లెక్క దగ్గర ఆగుతున్నారో ఒక కాగితం మీద రాయండి. అది ఒక పేజీ దాటదు. నిబంధనలు, ఫీజులు మారుతుంటాయి కాబట్టి చేరే ముందు ఒకసారి సరిచూసుకోండి. మేము ఇంకా క్వాలిఫయర్ రాయలేదు. ఆరు నెలల్లో నాలుగు గడిచాయి, ఈ వారం సమితులు మొదలవుతాయి. అమ్మాయి వాళ్ళింట్లో సంబంధం మాట రెండేళ్ళు పక్కన పెట్టారు. క్యాలెండర్‌ను వాళ్ళ నాన్నే గోడకు కొట్టాడు.