రెండు పక్షాలకూ రంగు

అంగీ రంగు చూసి మోసపోయి యుద్ధం ఓడిన సైన్యం ఒకటుంది. ఎక్కడో కాదు, పిఠాపురం దగ్గర చందుర్తి పొలాల్లో. 1758 డిసెంబరు. ఒకవైపు ఫ్రెంచి సేనాని కాంఫ్లాన్స్, ఇంకోవైపు క్లైవ్ పంపగా బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చిన కర్నల్ ఫోర్డ్. ఫోర్డ్ వెంట ఉన్న సిపాయిలకు తెల్ల సోల్జర్లలాగే ఎర్ర అంగీలు తొడిగారు. ఫ్రెంచివాళ్ళు అదివరకు చూసింది ఎర్ర అంగీలు లేని మద్రాసు సిపాయిలను. కాబట్టి ఎరుపు కనిపిస్తే అది ఇంగ్లీషు పటాలమే అనుకున్నారు. అసలు ఇంగ్లీషు పటాలం మధ్యలో, ఏపుగా ఎదిగిన చేను వెనక కనపడకుండా నిలబడి ఉంది. ఫ్రెంచి సోల్జర్లు పక్కనున్న ఎర్ర వరస మీద పడ్డారు, సిపాయిలు చెదిరారు. గెలిచేశామని ఫ్రెంచివాళ్ళు వరసలు తప్పి తరుముతుండగా, చేలోంచి అసలువాళ్ళు బయటికొచ్చి పక్కవాటున తుపాకులు పేల్చారు. అక్కడితో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి ప్రభ తగ్గుముఖం పట్టింది.

సీసపు సైనికులకు రంగులు వేసుకునేవాడికి ఇంతకన్నా మంచి యుద్ధం దొరకదు. అందుకే దాన్ని సూరత్‌లో, అడాజన్‌లోని మా ఫ్లాట్లో, భోజనాల బల్ల మీద కడుతున్నాను.

ఈ సరదా తెలుగునాట పెద్దగా ఎవరికీ లేదు కాబట్టి నాలుగు మాటలు చెప్పాలి. ఒక చారిత్రక యుద్ధాన్ని ఎంచుకుంటారు. అందులో పాల్గొన్న పటాలాలకు బొటనవేలంత బొమ్మలు, ఎక్కువగా 28 మిల్లీమీటర్లవి, తెప్పించి, అతికించి, రంగు వేస్తారు. బల్ల మీద చెరువు, చేను, దిబ్బ అమర్చి, టేపుతో నడకలు కొలిచి, పాచికలతో దెబ్బలు తేల్చి ఆడతారు. 1824లో ప్రష్యాలో రైస్‌విట్స్ అనే యువ అధికారి అచ్చువేయించిన ఇలాంటి ఆటను అక్కడి సైన్యం తన అధికారుల శిక్షణకే తీసుకుంది. హెచ్.జి. వెల్స్ 1913లో దీనిమీద 'లిటిల్ వార్స్' అని పుస్తకమే రాశాడు. అంత పెద్ద రచయిత నేలమీద పాకుతూ స్ప్రింగు ఫిరంగితో బొమ్మల్ని పడగొట్టేవాడని చెబితే మా ఆవిడ, "ఆయనకి బల్ల తుడిచేపని ఎవరు చేసేవారో" అంది.

చదరంగం ఉండగా ఇదెందుకని అడిగేవాళ్ళున్నారు. చదరంగంలో ఇద్దరికీ సరిసమానంగా బలగం ఇస్తారు. ఏ యుద్ధమూ అలా మొదలవదు. చందుర్తిలో రెండువైపులా తెల్లవాళ్ళు అటూఇటూగా 500 మందే. కానీ సిపాయిలు ఫ్రెంచివాళ్ళకు 6,000, ఫోర్డ్‌కు దాదాపు 2,000. ఫిరంగులైతే 30కి పైగా అటు, ఇటు అందులో నాలుగో వంతు కూడా సరిగ్గా లేవు. ఫోర్డ్‌కు తోడుగా విజయనగరం ఆనంద గజపతిరాజు బలగం మరో 5,500. ఒక్కో బొమ్మ 50 మందికి లెక్కగా వేసుకున్నా బల్ల మీదికి 300 బొమ్మలు రావాలి.

బొబ్బిలి ఎందుకు కట్టలేదని తెలుగువాళ్ళెవరైనా అడుగుతారు. 1757 జనవరి నాటి ఆ కథ మనకు బుర్రకథగా, సినిమాగా నోటికి వచ్చు. కానీ కోట గోడల్ని ఫిరంగులు కూలుస్తుంటే లోపల ఆడవాళ్ళూ పిల్లలూ ప్రాణాలు పోగొట్టుకున్న చోటును పాచికలేసి ఆడటం నాకు చేతకాదు. చందుర్తి ఆ కథకే కొనసాగింపు. బొబ్బిలి పడ్డాక తాండ్ర పాపారాయుడి చేతిలో విజయనగరం రాజు విజయరామరాజు హతమయ్యాడు, గద్దె ఆనందరాజుకు వచ్చింది. ఆయనకు ఫ్రెంచివాళ్ళతో చెడింది. విశాఖపట్నం వాళ్ళ చేతిలోంచి లాక్కుని ఇంగ్లీషువాళ్ళకు కబురుపెట్టాడు. మద్రాసు వాళ్ళు చేతులెత్తేశారు, క్లైవ్ సరేనన్నాడు. బొబ్బిలి అందరికీ గుర్తుంది, చందుర్తి పోటీపరీక్షల ప్రశ్నగా మిగిలింది.

ఇక రంగు సంగతి. బొమ్మ రాగానే అచ్చు అతుకుల దగ్గర మిగిలిన గీతల్ని ఆకురాయితో అరగదీయాలి. సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టి ప్రైమర్ కొట్టాలి. తర్వాత ఒక్కోదాన్ని పట్టుకుని కూర్చుంటే తెమలదు. బంతిలో వడ్డించినట్టు వెళ్ళాలి: ముందు వరసకంతటికీ అంగీలు, తర్వాత వరసకంతటికీ పట్టీలు, ఆ తర్వాత ముఖాలు. పైన పల్చటి ముదురు రంగు పారిస్తే మడతల్లోకి దిగి నీడలవుతుంది. అది ఆరాక దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేతరంగు రాస్తే మిట్టలు తేలతాయి. ఎరుపు మొండిది, రెండు పూతలకు గాని నిలవదు. అన్నిటికన్నా కష్టం తెలుపు. పంచెకు నేరుగా తెలుపు పూస్తే సున్నం కొట్టినట్టుంటుంది. బూడిదరంగుతో మొదలుపెట్టి గోధుమ వన్నె మీదుగా తెలుపుకు ఎక్కాలి. వర్షాకాలంలో వార్నిష్ జోలికి పోకూడదు, తాపీ నది ఒడ్డు తేమకు పైన తెల్లపొర కడుతుంది.

సూరత్‌లో ఉండటం ఈ పనికి కలిసొచ్చింది. అధికారుల అంగీల అంచుకు జరీపోగు ఇక్కడ కొదవలేదు. మహీధర్‌పురా బజారులో వజ్రాలవాళ్ళు కంటికి ఆనించుకునే పది రెట్ల అద్దం ఒకటి కొన్నాను. రంగు వేయడానికి అది పనికిరాదు, కన్ను బొమ్మకు మరీ దగ్గరగా పెట్టాలి. రంగు ఎక్కడ గీత దాటిందో చూపించడంలో మాత్రం దానికి దయాదాక్షిణ్యాలు లేవు. ఎదురింటి గుజరాతీ పెద్దాయన ఆ అద్దంతోనే ఒక సిపాయిని తిప్పి తిప్పి చూసి, "వేచ్‌వానా ఛే?" అన్నాడు. అమ్మకానికి కాదన్నాక ఆయనకు వాటిమీద ఆసక్తి పోయింది.

నాకు ఎదురుపక్షం ఆడేది లింబాయత్‌లో పవర్‌లూమ్ నడిపే సిరిసిల్ల మిత్రుడు. చరిత్ర కన్నా ఆయనకు బట్ట బాగా తెలుసు. పూర్తయిన పైకుల్ని, అంటే కాలిబంట్లను, చూసి, "గీళ్ళ పంచెలకు ఇంత సన్నటి ముడుతలు ఎట్ల వడ్తయన్నా? మందం నూలు బట్ట గట్ల ముడుచుకోదు" అన్నాడు. ఏ పుస్తకంలోనూ ఆ ముక్క దొరకలేదు నాకు.

ఆ పైకులు రాజుగారి బలగం. విజయనగరం పైకుల్ని పోతపోసి అమ్మేవాళ్ళెవరూ నాకు తగల్లేదు. మరాఠా, మొగలు బొమ్మలు తెప్పించి, ఎం-సీల్ ముద్దతో తలపాగాలు మార్చాను. యూనిఫారం లేదు కాబట్టి ఏ ఇద్దరికీ ఒకే రంగు పడదు. ఒకడికి బల్లెం, ఒకడికి విల్లు, ఎవడికో పాత తుపాకి. యుద్ధం జరుగుతున్నంతసేపూ వీళ్ళు ఎండిన చెరువు గుంటలో నక్కి కూర్చున్నారని అప్పటి ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ ఎద్దేవా చేశాడు. ఒక్కొక్కడికి మొహం దిద్ది, చేతిలో వెదురు విల్లు పెట్టాక నాకా వెక్కిరింత మింగుడుపడలేదు. 30 ఫిరంగుల ముందు విల్లు పట్టుకున్నవాడు చెరువులోకి దిగడం పిరికితనం కాదు, బుద్ధి ఉండటం. ఫ్రెంచివాళ్ళ కొలువులో ఉన్న 6,000 మంది సిపాయిలూ ఈ దేశపు మనుషులే. వాళ్ళకూ అంతే ఓపికగా బొట్టూ మీసమూ దిద్దాలి. కథ చెప్పేవాడు ఒక పక్షం వహించి తప్పించుకోగలడు గానీ, రంగు వేసేవాడికి ఆ వెసులుబాటు లేదు. ఈ సరదాలో నాకు నచ్చింది ఇదే.

ఆటలో మాత్రం ఒక చిక్కొచ్చింది. కిటుకు ఇద్దరికీ తెలిసిన యుద్ధంలో ఎవరు మోసపోతారు? రైస్‌విట్స్ మధ్యవర్తిని పెట్టి, ఎవరికి కనపడేది వాళ్ళకే చూపించాడు. మాకు మధ్యవర్తి లేడు. అందుకని ఫోర్డ్ వరసలో బొమ్మలకు బదులు ఎర్ర అట్టముక్కలు బోర్లించి పెడుతున్నాం. తుపాకి దూరానికి వచ్చేదాకా తిప్పకూడదు, తిప్పితే సిపాయిలో సోల్జర్లో తేలుతుంది. మిత్రుడు రెండుసార్లకొకసారి కాంఫ్లాన్స్‌లాగే బోల్తా పడుతున్నాడు. అంత కష్టపడి వేసిన ఎరుపు అట్టల వెనక దాగిపోవడం ఒక్కటే నాకు బాధ.

చందుర్తి తర్వాత కాంఫ్లాన్స్ రాజమండ్రి మీదుగా మచిలీపట్నం చేరాడు. 1759 ఏప్రిల్లో ఫోర్డ్ ఆ కోటను రాత్రిపూట దాడిచేసి పట్టుకున్నాడు. దానికి నెల ముందు, మార్చిలో, ఇక్కడి సూరత్ కోట కూడా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. తాపీకి అవతలి ఒడ్డున చౌక్ బజారులో ఉందది, ఇప్పుడు మ్యూజియం చేశారు. అడాజన్ నుంచి వంతెన దాటి వెళ్ళి చూడవచ్చు.

బొమ్మల కింది బిళ్ళలు ఇంకా మిగిలాయి. ఇసుకా ఫెవికాలూ పూసి మట్టిరంగు వేయాలి. చేనుకు జొన్న వేస్తున్నాను, ఇంగ్లీషు పుస్తకాల్లో 'ఇండియన్ కార్న్', అంటే మొక్కజొన్న, అని ఉన్నా సరే. మట్టే తేలలేదు. నల్లరేగడా, ఎర్రమట్టా? డిసెంబరులో గొల్లప్రోలు వైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, చందుర్తి దగ్గర ఆగి, దున్నిన చేలో పిడికెడు మట్టి ఎండలో పెట్టి ఒక ఫోటో తీయండి. రంగు నేను కలుపుకుంటాను.