సీసాల సందు, నీతెరోయి రేవు

రియో ద జనైరో నగరమునకు పోయినవారెల్లరును కొండమీది క్రీస్తు విగ్రహమును, కోపకబానా యిసుకతిన్నెలను చూచి వత్తురు. మేమును చూచితిమి. చిత్రపటములలో నెట్లున్నవో యట్లే యున్నవి. సోదరీమణులకు నేను చెప్పదలచినది యొక యిరుకు సందును గూర్చియు, ఒక పడవ ప్రయాణమును గూర్చియు, రావలసినంత పేరు రాని రెండు పాటలను గూర్చియు.

కోపకబానాలో సముద్రతీరమునకు సమీపముననే దువివియే వీధి గలదు. అందుండి చీలి, పది యడుగులు వేయునంతలో గోడ తగులు చిన్న సందునకు సీసాల సందని పేరు. 1960 ప్రాంతమున నిచ్చటి చిన్న చిన్న పానశాలలలో రాత్రి తెల్లవార్లు సంగీతము సాగెడిదట. నిద్రపట్టని మేడలవారు కోపముతో పైనుండి ఖాళీసీసాలు విసరెడివారు. అందువలన నా పేరు వచ్చినది. నాకు మేడమీది గృహిణులపైననే జాలి కలిగినది. పసిబిడ్డను జోకొట్టుచున్న తల్లికి క్రింది మద్దెల యెంత మంచిదైన నేమి?

ఆ సందులో పియానో వాయించుచు పైకి వచ్చినవాడు సెర్జియో మెండెస్. 1941లో జననము. తండ్రి వైద్యుడు. బాల్యమున నెముకల జబ్బుచే బాధపడి, అప్పుడప్పుడే వచ్చుచున్న పెన్సిలినుచే కోలుకొనెను. 1964లో బ్రెజిలునందు సైనికులు ప్రభుత్వమును చేజిక్కించుకొనిరి. ఆ యేడే యతడు అమెరికా చేరెను. 1966లో ‘బ్రెజిల్ 66’ అను తన మేళముతో తొలి గ్రామఫోను ప్లేటు వెలువరించెను. 2024 సెప్టెంబరులో లాస్ ఏంజిలిసు నగరమున గతించెను.

అతని జన్మస్థానమగు నీతెరోయి, గ్వానబరా అఖాతమున కావలి గట్టున నున్నది. 1974లో పదమూడు కిలోమీటర్ల వంతెన కట్టినారు గాని మేము మరపడవనే యెక్కితిమి. నడుమ వాన పట్టుకొనినది. కొండలన్నియు మాయమైనవి. మా అమ్మాయి నవ్వుచు తన చేతి ఫోనులో ‘కాన్‌స్టంట్ రెయిన్’ అను మెండెసు పాట పెట్టినది. దానికి మూలము జోర్జి బెన్ కట్టిన ‘షోవీ షువా’. నా ప్రియురాలు తడియుచున్నది, ఈ వాన నాపుమని దేవునితో మొరపెట్టుకొనుట దాని భావము. మొర యైనను, చినుకులు రేకుపై పడినట్లు ఉల్లాసముగా నడచును. షికాగోలో పుట్టిన లానీ హాల్ అను గాయని, తనకు రాని పోర్చుగీసు మాటలను చెవితో విని నేర్చి పాడెడిది. తెలుగెరుగని తమిళ సోదరీమణుల నోట త్యాగరాజ కీర్తనములు వినిన మన కిది వింత గాదు.

ఇంత చక్కని పాట అమెరికాలో వారము వారము ప్రకటించు నూరు పాటల పట్టీలో మొదటి యేబదింటికి చేరలేదు. జగమెల్ల నెరిగిన ‘మస్ కే నాదా’ సైతము 1966లో 47వ స్థానముతో నాగినది. నాలుగవ స్థానమున కెక్కినది 1968లో ‘ది లుక్ ఆఫ్ లవ్’. ఆరవ స్థానమున కెక్కినది ‘ది ఫూల్ ఆన్ ది హిల్’. మొదటిది సినిమా పాట, రెండవది బీటిల్సు వారిది. జను లదివరకే యెరిగిన యింగ్లీషు పాటలకే ద్వారము తెరచికొనెను. సొంత దేశపు పాటలు గుమ్మమునొద్ద నిలిచిపోయినవి.

మేము దిగిన వసతిగృహపు యజమానురాలు డెబ్బది యేండ్ల వితంతువు. మెండెసు పాటలలో నాకు ‘ప్రెట్టీ వరల్డ్’ ప్రియమని చెప్పితిని. మా అన్నగారు తెచ్చిన ప్లేటుపై చిన్ననాటినుండి వినినది. ఆమె తల యడ్డముగా నూపి, “అమ్మా, అందులో మరీనా యేదీ?” అనెను. నాకు తెలియలేదు. ఆమె కాఫీగిన్నె క్రింద నుంచి పాడ మొదలిడెను. రాగ మదియే. మాటలు వేరు. మూలము ‘సా మరీనా’ అట. 1968లో విల్సన్ సిమోనల్ పాడగా దేశమంతయు మారుమ్రోగినది. ఏటవాలు వీధిలో నడచి వచ్చు మరీనా యను స్త్రీని చూచి ఊరంతయు మురియుట దాని కథ. ఇంగ్లీషున వ్రాసినవారు మరీనాను తొలగించి లోకమంతయు నందముగా నుండవలెనను కోరికను పెట్టినారు. ఇన్నేండ్లు నే నొక స్త్రీ పాటను విని యామె పేరైన నెరుగనైతిని! ఏమో, నాకు చిన్నతనముగా తోచినది.

అయినను మెండెసు పాటను నేను తీసివేయజాలను. ఇద్దరు స్త్రీల కంఠములు కలసి సాగునప్పుడు, క్రింద పియానో తడబడక మెట్లు దిగునట్లు వినబడును. పేరు పోయినను ఆమె నడక పోలేదు. 1969లో నా పాట మొదటి యరువదింటికైన చేరకుండుట న్యాయము గాదని నేటికిని నా యభిప్రాయము. మావారు మాత్రము, “పట్టీలో చేరకున్న నేమి, మన యింటికి చేరినది గదా” అనిరి. ఆయనకు సంగీతమున నంత పట్టుదల లేదు.

బయలుదేరు నాటి యుదయమున నా పెద్దామె బిల్లు వెనుక ‘సా మరీనా’ మాటలన్నియు వ్రాసి యిచ్చెను. మా అమ్మాయి వానిని పలికించుకొని తెలుగు లిపిలో నెత్తికొనినది. ఆ కాగితము మా హార్మోనియము పెట్టెలో నున్నది. రెండవ చరణమున నింకను నాలుక తిరుగుట లేదు.