అత్తయ్య గారి పాదాలు

షుగర్ ఉన్న ఇంట్లో మాటలన్నీ తిండి చుట్టూనే తిరుగుతాయి. అన్నమా చపాతీయా, మామిడిపండు ఒక్క ముక్క తింటే ఏమవుతుంది... ఇవే. పాదాల ఊసు ఎవరూ ఎత్తరు. మా అత్తయ్య గారికి 16 ఏళ్ళుగా షుగర్. మాత్రలు వేళకి వేసుకుంటారు. రాత్రిళ్ళు మాత్రం అరికాళ్ళు మంటలని దుప్పటి తన్నేసేవారు. "వేడి చేసిందమ్మాయ్, మజ్జిగ తాగితే పోతుంది" అనేవారు.

కిందటేడు శ్రావణమాసంలో ఒకరోజు, అప్పుడే తుడిచిన హాల్లో వరసగా ఎర్రటి మచ్చలు కనిపించాయి. పారాణి పెట్టుకున్నారేమో అనుకున్నాను. చూస్తే నెత్తురు! మడమలో పిన్నీసు దిగబడి ఉంది. ఆవిడ దాని మీదే నడుస్తూ పెరట్లో పూలు కోసుకొచ్చారు. నొప్పి తెలియనే లేదట. నాకు ఒళ్ళంతా చల్లబడిపోయింది.

డాక్టరు గారు గాయానికి కట్టుకట్టి, ఇంజెక్షన్ చేశాక, ఆవిడని కళ్ళు మూసుకోమని సన్నటి నైలాన్ దారంలాంటి దానితో పాదం మీద పది చోట్ల తాకించారు. 10 గ్రాముల ఒత్తిడి పడగానే ఆ దారం వంగుతుంది. అత్తయ్య గారికి నాలుగు చోట్లే తెలిసింది. ఒంట్లో అన్నిటికంటే పొడుగాటి నరాలు పాదాల దాకా వెళ్ళేవేనట. అందుకే షుగర్ దెబ్బ ముందు వేళ్ళకి తగిలి, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుందట. మూడు నెలల సగటు షుగర్ 9.4 ఉంది. బి12 కూడా బాగా తక్కువ. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కొందరికి అలా తగ్గుతుందన్నారు.

"పూర్తిగా పోయిన నరాన్ని తెచ్చివ్వలేను. ఉన్నవాటిని కాపాడుకుందాం" అన్నారాయన. మంటకి రాత్రిపూట మాత్ర, బి12 ఇంజెక్షన్లు, షుగర్ మందుల్లో మార్పు ఇచ్చారు. మైక్రో సెల్యులర్ రబ్బరు చెప్పులు ఇంట్లో కూడా వేసుకోమన్నారు. కాలి మెట్టెలు తీసేయమన్నారు.

మందులన్నిటికీ ఊఁ కొట్టిన ఆవిడ మెట్టెల మాట దగ్గర ఆగిపోయారు. మెట్టె కింద చర్మం తెల్లగా నాని, ఒరుసుకుపోయి ఉంది. ఆవిడకి తెలియట్లేదు. "ఆయన ఉండగా తీయమంటావా?" అని నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. నేనేం చెప్పగలను? కోడల్ని. ఆ మాట నా నోటితో అనలేను.

అన్నది మావయ్య గారే. "నా ఆయుష్షు నీ కాలివేళ్ళకి కట్టి ఉందనుకో, ముందు ఆ వేళ్ళు బతకాలి కదే!" ఆవిడ ఏడ్చారు, తర్వాత నవ్వారు. మెట్టెలు ఇప్పుడు అమ్మవారి పటం దగ్గర కుంకుమ భరిణెలో ఉన్నాయి.

చెప్పుల గొడవ ఇంకో నెల నడిచింది. వంటింట్లో చెప్పులేమిటని ఆవిడ పట్టు. ఇంటికని వేరే జత కొన్నాం, అవి గుమ్మం దాటవు. పూజగదిలోకి మాత్రం వేసుకోరు. అక్కడ రోజూ నేను నేల ఊడ్చి, చాప పరిచి, అగ్గిపుల్లలు గట్రా లేకుండా చూస్తాను. గుడికి ఎండెక్కకముందే వెళ్ళొస్తాం. ప్రదక్షిణ రాళ్ళు మధ్యాహ్నం ఎలా కాలుతాయో మీకు తెలుసుగా. కాళ్ళమంటలకి వేడినీళ్ళలో ఉప్పేసి పెట్టుకోమని పక్కింటావిడ చెప్పారు. వేడి తెలియని కాళ్ళకి దానివల్ల బొబ్బలొస్తాయి. మేం వద్దనుకున్నాం.

రోజూ పాదాలు చూడాలి. అడుగుభాగం, వేళ్ళ సందులు అన్నీ. ఆవిడ వంగలేరు, అద్దంలో సరిగ్గా కనబడదు. మావయ్య గారు కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ లైటు వేసి కూర్చున్నారు. "మొగుడి చేత కాళ్ళు పట్టించుకుంటే పాపం" అని అత్తయ్య గారు కాళ్ళు వెనక్కి లాగేసుకున్నారు. "పెళ్ళిలో నీ కాలు పట్టుకుని సన్నికల్లు మీద పెట్టించింది ఎవరు? అప్పుడు రాని పాపం ఇప్పుడొస్తుందా?" అన్నారాయన. అప్పట్నుంచి రాత్రి భోజనాలయ్యాక అది ఆయన డ్యూటీ. చూసి, పొడిగా తుడిచి, వేళ్ళ సందులు వదిలి క్రీము రాస్తారు.

ఎనిమిది నెలలైంది. సగటు షుగర్ 7.3కి వచ్చింది. దుప్పటి కాళ్ళ మీద నిలుస్తోంది. అయితే మంట తగ్గినంత మాత్రాన నరం బాగుపడిందని కాదట, స్పర్శ చచ్చిపోయినా మంట తగ్గుతుందట. అందుకే మళ్ళీ దారంతో పరీక్ష చేశారు. ఈసారి ఏడు చోట్ల తెలిసింది. మిగతా మూడూ వస్తాయో రావో డాక్టరు గారు మాట ఇవ్వలేదు. మేమూ అడగలేదు.

మొన్న వర్షం పడ్డ రోజు అత్తయ్య గారు వరండాలో కూర్చుని పాదం చూరునీళ్ళ కింద పెట్టారు. "చల్లగా ఉందమ్మాయ్" అన్నారు. మామూలు మాటే. ఆ మాట విని మావయ్య గారు పేపరు మడిచి పక్కన పెట్టి, "ఏ వేలికి?" అని అడిగారు.

మీ ఇంట్లోనూ షుగర్ ఉన్న పెద్దవాళ్ళుంటే, ఇవాళ రాత్రి ఒక్కసారి వాళ్ళ అరికాళ్ళు చూడండి. వద్దంటారు. అయినా చూడండి.