వెనక సీట్లో కూర్చునేవాళ్ళ కోసం

విజయవాడ

ప్రియమైన మిత్రుడికి,

కొత్త కారులో ఏమేం ఉండాలో నువ్వు రాసి పంపిన జాబితా అందింది. షోరూమ్ వాళ్ళిచ్చిన కొటేషన్ చెల్లెమ్మ దగ్గర తీసుకుని, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. సన్‌రూఫ్, పెద్ద స్క్రీను, ఎలాయ్ వీల్స్, రంగులు మారే లైట్లు, ముందు బుల్‌గార్డు, సీట్లకు లెదర్ కవర్లు. నొచ్చుకోకురా, ఇది స్టీరింగ్ పట్టుకునేవాడి జాబితా. నువ్వేమో మస్కట్ నుంచి ఏడాదికోసారి వచ్చి నెల్లాళ్ళు ఉండి వెళ్తావు. మిగతా రోజులన్నీ కారు నడిపేది చెల్లెమ్మ. పక్కన బాబాయిగారు. వెనక పిన్నిగారు, పెద్దాడు, చంటిది. ఐదుగురిలో ముగ్గురు వెనకే ఉన్నారు. డబ్బు మొదట వాళ్ళ కోసం ఖర్చు పెట్టాలి. ఆ తర్వాత మిగిలితే మిగతావి చూద్దాం.

మన దేశంలో ఒక్కో సౌకర్యాన్నీ విడిగా ఎంచుకుని కారు చేయించుకునే వీలు దాదాపు లేదు. కంపెనీయే మూటలు కట్టి వేరియంట్లని పేరు పెడుతుంది. మారుతిలో ఎల్‌ఎక్స్‌ఐ, వీఎక్స్‌ఐ, జెడ్‌ఎక్స్‌ఐ ఉన్నట్టే ప్రతి కంపెనీకీ ఇలాంటి మెట్లుంటాయి. ఒక్క వెనక వైపరు కోసం పై మెట్టు ఎక్కితే, అక్కర్లేనివి అరడజను దానితోపాటు వచ్చి పడతాయి. వాటికీ డబ్బు కట్టాల్సిందే. అందుకని నేను జాబితాను రెండుగా చీల్చాను. ఫ్యాక్టరీలో తప్ప ఇంకెక్కడా పెట్టించుకోలేనివి ఒక పక్క, ఎప్పుడైనా బయట కొనుక్కోగలిగినవి ఇంకో పక్క. ఎయిర్‌బ్యాగులు, మలుపులో బండి జారిపోకుండా పట్టి ఉంచే ఈఎస్‌సీ, వెనక మధ్య సీటుకు భుజం మీదుగా వచ్చే బెల్టు, ఆ సీటుకు హెడ్‌రెస్టు, పిల్లల సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు, వెనక ఏసీ వెంట్లు మొదటి పక్కన ఉన్నాయి. స్క్రీను, స్పీకర్లు, మ్యాట్లు, లైట్లు, చక్రాలు రెండో పక్కన. వేరియంట్‌ను మొదటి పక్క చూసే తేల్చాలి.

ఎయిర్‌బ్యాగుల దగ్గర ఒక్క క్షణం ఆగు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జులై 1 నుంచి తప్పనిసరైంది. పక్క సీటుకూ ఉండాలన్న నిబంధన 2021 చివరికల్లా అన్ని కార్లకూ వచ్చేసింది. ఆరు ఉండాలన్న ప్రతిపాదన 2022 నుంచి 2023కు జరిగి, చివరికి చట్టం కాకుండానే ఆగిపోయింది. చాలా కంపెనీలు తమంతట తామే ఆరు ఇస్తున్నాయి కానీ, అన్నిటిలోనూ ఉంటాయనుకోవడానికి లేదు. రెండే ఉన్న కారులో వెనక కూర్చున్నవాళ్ళకు ఒక్కటీ ఉండదు. ఆరులో కూడా, మామూలుగా రెండు ముందు నుంచి, రెండు ముందు సీట్ల పక్కల నుంచి విచ్చుకుంటాయి. పిన్నిగారి తలకూ పక్క అద్దానికీ మధ్య అడ్డుపడేవి పైనుంచి దిగే మిగిలిన రెండు కర్టెన్ ఎయిర్‌బ్యాగులే. మనం డబ్బు పోసేది ఆ రెండింటికి.

కార్లను గుద్దించి చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 అక్టోబరు 1న మొదలయ్యాయి. అందరూ నక్షత్రాలు చూసి ఊరుకుంటారు. నువ్వు ఇంకో అడుగు ముందుకు వెయ్యి. పెద్దవాళ్ళ రక్షణకు 32కి, పిల్లల రక్షణకు 49కి మార్కులు విడివిడిగా వేస్తారు. మనం ఎక్కువసేపు చూడాల్సింది రెండో అంకె.

ఇక కారు. చెల్లెమ్మనూ పిన్నిగారినీ పిల్లలనూ తీసుకుని షోరూమ్‌కు వెళ్ళాను. సేల్స్ అబ్బాయి డ్రైవరు తలుపు తీసి పట్టుకుని స్క్రీను వెలిగించి చూపిస్తున్నాడు. నేను వెనక మధ్య సీట్లో కూర్చున్నాను. డెమో కారుకు అప్పటికే మందపాటి రెక్సిన్ కవర్లు తొడిగేశారు. బెల్టు బకిల్స్ కవరు కింద కూరుకుపోయి ఉన్నాయి. వేలు పెట్టి వెతికితే ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు. ఐసోఫిక్స్ కొక్కెం ఎక్కడని అడిగితే ఆ అబ్బాయే కవరు అంచు లాగి చూపించాల్సి వచ్చింది. ముందు సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉండే చిన్న గుడ్డ చీటీ ఉంటుంది, అదీ కవరు లోపలికి పోయింది. దాని అర్థం తెలుసా? ఆ ఎయిర్‌బ్యాగు సీటు కుట్టు చీల్చుకుని బయటికి రావాలి. మీద మందపాటి కవరు బిగించి కుట్టేస్తే అది సరిగా విచ్చుకోదు. డబ్బు పెట్టి కొన్న రక్షణను ఇంకాస్త డబ్బు పెట్టి మూసేసుకున్నట్టు. కవర్లు కావాలంటే ఎయిర్‌బ్యాగు ఉన్న చోట విడిపోయే కుట్టుతో, ఆ మోడల్ కోసమే కంపెనీ తయారుచేసినవి ఉన్నాయి. ఏదో ఒకటి తొడిగేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను.

పిన్నిగారి మోకాళ్ళ సంగతి నీకు తెలుసు కదా. ఎడమ వెనక తలుపు దగ్గర ఆవిడను కూర్చోబెట్టి చూశాం. దిగేటప్పుడు రోడ్డు పక్కకు దిగుతారు, అది మంచిది. చంటిదాని సీటు కుడివైపు, డ్రైవరు వెనక. పెద్దాడు ఎత్తు పెంచే బూస్టరు సీటు మీద మధ్యలో. అందుకే మధ్య సీటు బెల్టు గురించి అంత పట్టుబడుతున్నాను. నడుముకు మాత్రమే ఉండే బెల్టు పెట్టి బూస్టరు మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టకూడదు. వెడల్పు కూడా టేపు పెట్టి కొలిచాను. చంటిదాని సీటు పెట్టాక ఇద్దరు పట్టాలి కదా. ఇరుకే, కానీ పడతారు.

సన్‌రూఫ్ మాత్రం వద్దురా. విజయవాడ మే నెల నువ్వు మరిచిపోయి ఉండవు. ఆ ఎండలో నెత్తిమీద అద్దం పెట్టుకుని ఏసీ పెంచుకుంటూ పోవడం నాకు నచ్చదు. దాని చుట్టూ నీళ్ళు పోయే సన్న గొట్టాలుంటాయి. వాటిలో దుమ్మూ ఆకులూ చేరితే వానాకాలంలో నీళ్ళు కారు లోపలికే దిగుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, పెద్దాడు దానిలోంచి తల బయట పెట్టి నిలబడతానంటాడు. పండక్కి ఊరెళ్ళేటప్పుడు ఎన్ని కార్లలో పిల్లలు అలా నిలబడి పోతున్నారో చూస్తుంటే నాకు గుండె ఝల్లుమంటుంది. ఆ డబ్బుకు వెనక ఏసీ వెంట్లున్న వేరియంట్ తీసుకుందాం.

ధర సంగతీ చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. పెట్రోలు కారైతే పొడవు నాలుగు మీటర్లు, ఇంజన్ 1200 సీసీ దాటకూడదు. అలా మిగిలిన డబ్బు చూపించి షోరూమ్ వాళ్ళు సన్‌రూఫ్ ఉన్న ఇంకో మెట్టు ఎక్కమంటున్నారు. ఎక్కితే మన కారు పది లక్షలు దాటుతుంది. దాటగానే లైఫ్ ట్యాక్స్ శాతం మారుతుంది, అదీ పైన ఉన్న కాస్తకు కాదు, మొత్తం ధరకు. పైగా ఒక శాతం టీసీఎస్ కట్టాలి. అది ఆదాయపు పన్ను లెక్కలో తిరిగి వస్తుంది కానీ ముందు చేతిలోంచి పోవాల్సిందే. సన్‌రూఫ్ ఖరీదంటే బ్రోషర్లో రెండు వేరియంట్ల మధ్య కనిపించే తేడా ఒక్కటే కాదు. ఆన్‌రోడ్ ధరలు రెండూ రాయించి పంపుతున్నాను, నువ్వే చూడు.

బుల్‌గార్డు మాట ఎత్తొద్దు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు కారు ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి. గట్టి ఇనుము అడ్డం పెడితే ఆ దెబ్బ నేరుగా లోపలికి వస్తుంది, ఎయిర్‌బ్యాగుల సెన్సార్ల లెక్కా తప్పుతుంది. ఎదురుగా వచ్చే సైకిలు మనిషి గతి చెప్పనే అక్కర్లేదు. అద్దాలకు నల్ల ఫిల్మూ వద్దు, 2012లోనే సుప్రీంకోర్టు కాదంది. స్క్రీను, స్పీకర్లు బయట పెట్టిస్తే వైర్లు కోయకుండా కప్లర్లతోనే బిగించాలి. కోస్తే ఆ భాగానికి వారంటీ ఇవ్వబోమంటారు.

బీమా దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. థర్డ్ పార్టీ మూడేళ్ళకు తప్పనిసరి, అందులో మనం ఎంచుకునేదేమీ లేదు. సొంత కారుకు దెబ్బ తగిలితే మామూలు పాలసీ ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తుంది. ఇప్పటి బంపర్లన్నీ ప్లాస్టిక్కే. కాబట్టి తరుగు కోయకుండా ఇచ్చే జీరో డెప్ ఉండాలి. దానితోపాటు ఇంజన్ ప్రొటెక్ట్. మీ ఇల్లు సింగ్‌నగర్‌లో ఉంది కనుక ఇది నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద వచ్చినప్పుడు మీ వీధిలో కార్లు ఎలా మునిగాయో ఫోటోలు నేనే పంపాను. నీళ్ళలో ఆగిన కారును స్టార్ట్ చేయబోతే సిలిండర్లలోకి నీళ్ళు పోయి ఇంజన్ లోపలి రాడ్లు వంగిపోతాయి. మామూలు పాలసీలో ఆ నష్టానికి సాధారణంగా క్లెయిమ్ రాదు. చెల్లెమ్మకు కూడా చెప్పాను, నీళ్ళు తగ్గాక తాళం తిప్పొద్దు, బండిని లాగించి వర్క్‌షాపుకు పంపమని. బీమా షోరూమ్‌లోనే చేయించాలన్న రూలు లేదు. బయట రెండు చోట్ల అడిగి, అవే బీమా కవర్లతో రేటు తెస్తాను.

కొటేషన్లో అడుగున హ్యాండ్లింగ్ ఛార్జీలని ఒక వరుస ఉంది. అది కొట్టేయమని అడిగాను, మేనేజర్‌ను కనుక్కుంటామన్నారు. ప్రథమ చికిత్స పెట్టె, ఎర్ర త్రికోణం కొత్త కారుతోపాటే రావాలి. వాటిని యాక్సెసరీస్ బిల్లులో వేశారు, అదీ తీయిస్తాను. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఈ రోజే తీసుకోవాలని ఏమీ లేదు, కంపెనీ వారంటీ ముగిసేలోపు చాలు.

ఇన్ని పెట్టించుకున్నా బెల్టు పెట్టుకోకపోతే దండగే. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పోయిన కారు ప్రమాదం గుర్తుందా? ఖరీదైన కారు, ఎయిర్‌బ్యాగులకు కొదవ లేదు. వెనక కూర్చున్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. పోయింది ఆ ఇద్దరే, ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ బతికారు. పిన్నిగారు బెల్టంటే ఊపిరాడదంటారు. చంటిదేమో ఆవిడ ఒళ్ళోనే ఉంటానంటుంది. నేను చెబితే నవ్వి ఊరుకున్నారు. నువ్వు ఫోన్ చేసి చెప్పు, కొడుకు మాట కాదనరు. గుద్దుకున్నప్పుడు పిల్లను చేతులతో ఆపడం ఎవరి వల్లా కాదని గట్టిగా చెప్పు.

బుకింగ్ ఫారం మీద చెల్లెమ్మ సంతకం చేసేలోపు నీ జవాబు కావాలి. నా మాట ఇది: మధ్య వేరియంట్, ఆరు ఎయిర్‌బ్యాగులు, మధ్య సీటుకు పూర్తి బెల్టు, వెనక ఏసీ, జీరో డెప్, ఇంజన్ ప్రొటెక్ట్. ఉక్కు చక్రాలు చాలు. చంటిదాని సీటు, పెద్దాడి బూస్టరు అక్కడి నుంచి నువ్వే తెస్తానంటే, వాటి మీద ఈసీఈ ఆర్44 గానీ ఆర్129 గానీ భద్రతా ముద్ర ఉందో లేదో చూసి కొను. తేలేకపోతే ఈ వారంలోనే చెప్పు, ఇక్కడ నేను కొని కారు డెలివరీకి ముందే బిగించి ఉంచుతాను.

ఇట్లు
నీ మిత్రుడు