చదువు పేరు, ఆట తీరు

కొత్తపేట హాస్టల్ గదుల్లో మంచానికీ మంచానికీ మధ్య అడుగు జాగా ఉంటే గొప్ప. అక్కడ టీవీ ఎక్కడ పెట్టాలి, ప్లేస్టేషన్ ఎక్కడ పెట్టాలి? 2021 ఫిబ్రవరిలో డిస్కు పెట్టే పీఎస్5 మన దేశంలో 49,990 రూపాయలకు అమ్మకానికొచ్చింది. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి ల్యాప్‌టాప్ అడిగితే, "కోర్సుకు కావాలి నాన్నా" అన్న ఒక్క మాటతో ఇంట్లో ఒప్పుకుంటారు. కన్సోల్‌కు ఏ సాకు చెబుతాం?

పగలు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో జావా, రాత్రి అదే ల్యాప్‌టాప్ తెర మీద జీటీఏ ఆట. కాసేపటికే కీబోర్డు పెనంలా కాలుతుంది, ఫ్యాన్లు హోరెత్తుతాయి. వేడి హద్దు మీరితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది. వెనక వైపు కింద రెండు పుస్తకాలు ఎత్తుపెట్టి గాలి ఆడనిస్తారు కుర్రాళ్లు.

కన్సోల్ ఆటకే పుట్టింది, హాయిగా ఆడిస్తుంది. కానీ మధ్యతరగతి ఇంట్లో సరదా కూడా ఏదో ఒక పనికొస్తేనే గడప దాటి లోపలికొస్తుంది.