చలిమంట వేసినవారు



మా చిన్నమ్మాయి మాల్టా దేశంలో నర్సుగా పనిచేస్తోంది. "రెండు నెలలు నా దగ్గరుండి వెళ్ళమ్మా" అని పిలిస్తే ఒక ఫిబ్రవరి నెలలో వెళ్ళాను. మధ్యధరా సముద్రంలో 316 చదరపు కిలోమీటర్ల చిన్న దీవుల దేశమది. పౌలు ఓడ బద్దలై చేరిన మెలితే ఇదేనని అక్కడివారు ప్రతి ఏటా ఫిబ్రవరి 10న పండుగ చేసుకుంటారు.

అమ్మాయి డ్యూటీకి వెళితే పగలంతా నేను ఒంటరిని. నాకొచ్చిన ఇంగ్లీషు నాలుగు ముక్కలు. పదిరోజులు కిటికీ దగ్గరే గడిచిపోయాయి. నా ముఖం చూసి ఒక ఉదయం అమ్మాయి నన్ను మార్సష్లోక్ వెళ్ళే బస్సెక్కించింది. అది జాలరుల ఊరు. ఆ పేరుకు ఆగ్నేయపు రేవు అని అర్థమట. రేవు నిండా ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు వేసిన పడవలు. ప్రతి పడవ ముందు భాగాన రెండు కళ్ళు చెక్కి ఉన్నాయి. కీడు తగలకుండా కాపాడతాయని పూర్వం నుండి వారి ఆచారం. చేపల వాసన తగలగానే నాకు మా దివిసీమ గుర్తుకొచ్చి కళ్ళు చెమర్చాయి.

ఇంతలో వాన పట్టుకుంది. గాలి, చలి. ఒక ఇంటి ముందు ముడుచుకుని నిలబడ్డాను. లోపల గుమ్మం దగ్గర ఎనభై ఏళ్ళ పెద్దమ్మ వల బాగుచేసుకుంటోంది. నన్ను చూసింది. ఎవరు, ఎక్కడినుండి అని ఒక్క మాట అడగలేదు. చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కుర్చీ వేసింది. గ్యాసు పొయ్యి వెలిగించి నా కాళ్ళ దగ్గరికి జరిపింది. భుజాలమీద తువ్వాలు కప్పింది. గాజు గ్లాసులో పాల టీ, రొట్టె పెట్టి, తల వంచి ప్రార్థించింది. ఆ ప్రార్థనలో "అల్లా" అన్న మాట విని ఉలిక్కిపడ్డాను. వారిది అరబ్బీ నుండి పుట్టిన భాష అనీ, అక్కడి క్రైస్తవులు దేవుణ్ణి అలాగే పిలుస్తారనీ తరువాత అమ్మాయి చెప్పింది.

మా మధ్య భాష లేదు. ఊరికే కూర్చోలేక వల అంచు నా ఒళ్ళోకి లాక్కున్నాను. ఆమె నవ్వి, దారం చుట్టిన సూది నా చేతికిచ్చింది. చిన్నప్పుడు మా నాన్న నేర్పిన ముడి వేసి చూపించాను. ఆమె నా ముడి పక్కనే తన ముడి వేసింది. రెండూ ఒక్కటే! ఇద్దరం పకపకా నవ్వాము.

"ఎవరు నేర్పారు?" అన్నట్టు చేయి ఊపింది. "ఫాదర్" అన్నాను. తరువాత చేతులతో పెద్ద అల చూపించాను. 1977 నవంబరు 19 ఉప్పెనలో నాన్న పోయేనాటికి నాకు పన్నెండేళ్ళు. ఆ పెద్దమ్మ సూది కింద పెట్టి, వాన తగ్గేదాకా నా చేయి పట్టుకుని కూర్చుంది.

ఆ రాత్రి అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం తీశాను. పౌలు చేతిని పట్టిన సర్పం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. దానికి ముందున్న మాట మీద ఎన్నడూ ఆగలేదు. వాన కురుస్తూ చలిగా ఉన్నందున ఆ ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి అందరినీ చేర్చుకున్నారు. ఓడలో ఉన్నవారు 276 మంది. వారిలో ఖైదీలూ ఉన్నారు. చేర్చుకున్నవారు అప్పటికి సువార్త వినలేదు. మన బైబిలు వారిని అనాగరికులంటుంది.

అప్పుడు నాకు వేరొక వాన గుర్తుకొచ్చింది. అంతకు ముందు డిసెంబరులో, తుఫాను వానలో, ఇటుకబట్టీలో పనికి ఒడిశా నుండి వచ్చిన ఒక తల్లి చంటిబిడ్డతో మా చూరు కింద నిలబడింది. నేను కిటికీలోనుండి "ఎవరు నువ్వు? ఏం కావాలి?" అన్నాను. ఆమెకు నా భాష అర్థం కాలేదు గాని, నా గొంతు అర్థమైంది. తడుస్తూనే వెళ్ళిపోయింది. ఆ సమయానికి నా బల్లమీద బైబిలు తెరిచే ఉంది.

ఇంటికి వచ్చిన మరునాడే బట్టీకి వెళ్ళాను. ఆమె కనిపించలేదు. ఆ కుటుంబం వేరే బట్టీకి పోయిందని మేస్త్రీ చెప్పాడు. ఆ గుడిసెలో మరొక కుటుంబం ఉంది. నాకు ఒడియా రాదు, వారికి తెలుగు రాదు. అయినా ఆ ఇల్లాలు పీట వేసింది, కూర్చున్నాను. ఇప్పుడు వారి పిల్లలు సాయంత్రం మా అరుగుమీద ఆడుకుంటారు.

ప్రియ సహోదరీ, భాష రాదనే సాకు ఇక నాకు లేదు. వానలో మన చూరు కింద ఎవరైనా నిలబడితే, ప్రశ్నలు తరువాత. ముందు తలుపు తీద్దాము.